లాగుల సీజన్

ఆ ఎండాకాలాన్ని మా ఇంట్లో ఇప్పటికీ లాగుల సీజన్ అనే అంటాం. బడులు తెరిచేలోపు అమ్మ ఏటా యూనిఫాం లాగులు కుట్టి ఇవ్వాలి కాబట్టి ఆ పేరు ముందునుంచీ ఉన్నదే. ఆ ఏడు మాత్రం దానికి ఇంకో అర్థం వచ్చి చేరింది.

డిగ్రీ ఆఖరి పరీక్ష రాసి నేను ఇంటికి వచ్చేసరికి లోపలి గదిలో, అమ్మ పాత కత్తిరింపు బల్లకి, ఒక స్టీరింగ్ బిగించి ఉంది. కింద పెడల్స్. ఎదురుగా ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్.

"ఇదేంటమ్మా?"

"మీ నాన్న లారీ. నా బల్ల మీద పార్క్ చేసుకున్నారు," అంది అమ్మ, నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

నాన్న ముప్పై ఏళ్ళు లారీ తోలాడు. చలికాలంలో లోడు మీద టార్పాలిన్ బిగిస్తుండగా తాడు తెగి కుడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది. చెయ్యి బాగయిందని డాక్టరు అన్నాడు. ఆ సంగతి నాన్నని నమ్మించడం మాత్రం ఎవరివల్లా కాలేదు. ఆయన పనిచేసే రవాణా కంపెనీ వాళ్ళు, దూరాలు తిరగొద్దు, యార్డులో కొత్త డ్రైవర్లకి నేర్పండి అన్నారు. పక్క సీట్లో కూర్చోవాలి. నేర్చుకునేవాళ్ళు తడబడితే చెయ్యి చాచి స్టీరింగ్ అందుకోవాలి. బడులు తెరిచే వారంలోగా ఔనో కాదో చెప్పమన్నారు. నాన్న "చూద్దాం" అంటూ వస్తున్నాడు.

ఆ చూడటం ఈ బల్ల దగ్గర జరుగుతోందని నాకు అర్థం కావడానికి నాలుగు రోజులు పట్టింది.

అది ఆన్‌లైన్‌లో ఆడే లారీల ఆట. ఎక్కడెక్కడో ఉన్న తొమ్మిదిమంది తొమ్మిది లారీలతో ఒకే రోడ్డు మీద వరసగా వెళతారు. మధ్యాహ్నం మూడింటికి బయలుదేరతారు. వరసని నడిపేది మాస్టారు. ఏదో బడిలో ఫిజిక్స్ చెబుతాడట, సెలవులు కాబట్టి తీరిక. ఆయన్ని మేమెవరం చూడలేదు, గొంతే తెలుసు. నాన్నది ఆఖరి బండి. ఆఖరిదంటే తక్కువది కాదు. వంతెనల మీదా మలుపుల్లోనూ ముందున్నవాళ్ళకి వెనక ఏమైందో తెలియదు. ఆఖరి బండి "దాటింది" అని చెబితేనే ముందుబండి వేగం పెంచాలి. అందుకే అనుభవం ఉన్నవాణ్ణి అక్కడ పెడతారు. ఎంత అనుభవం ఉన్నా మూడుసార్లు గుద్దితే వరసలోంచి తీసేస్తారు. నేను వచ్చేసరికి, పెడల్స్ అలవాటు కాని కొత్తలో, నాన్న ఒకసారి గుద్ది ఉన్నాడు.

చెవులు మూసుకుని బండి తోలకూడదన్నది నాన్న నియమం. హెడ్‌సెట్ పెట్టుకునేవాడు కాదు. అందువల్ల మాస్టారి మాటలన్నీ ఇల్లంతా వినబడేవి. ఆ రోజు నేను ముందు గదిలో అమ్మ పక్కన కూర్చుని లాగులకి గుండీలు కుడుతున్నాను.

"వంతెన వస్తోంది, అందరూ నెమ్మది," అంటోంది మాస్టారి గొంతు. "బాబాయ్, ఆఖరి బండీ, మీ లారీ ఎగిరెగిరి పడుతోంది. లాగ్... లాగ్ వస్తోంది... బాబాయ్, లాగ్..."

అమ్మ మిషను ఆపింది. "లాగులు గురువారం ఇస్తానని చెప్పండి ఆయనకి."

నాన్న ఆ మాట విననే లేదు. బురదలో దిగబడిన బండికి తాడు కట్టి, ఎవరైనా "లాగు" అని అరిస్తే డ్రైవరు చెయ్యవలసిన పని ఒక్కటే. ముప్పై ఏళ్ళ అలవాటు. నాన్న యాక్సిలేటర్ అదిమాడు. ఎనిమిదో లారీ వంతెన మీదినుంచి, మోస్తున్న ఫ్రిజ్‌లతో సహా నదిలోకి పోయింది.

ముందు తేరుకున్నది మాస్టారే.

"అదేంటి బాబాయ్, నెమ్మది అంటే గుద్దేశారు?"

"మీరే కదండీ లాగమన్నారు."

ఎనిమిది గొంతులు ఒక్కసారిగా నవ్వాయి. మాస్టారు నవ్వాపుకుంటూ విడమరచి చెప్పాడు. లాగ్ అంటే ఇంటర్నెట్ ఆలస్యం, మీ స్టీరింగ్ తిప్పుడు మా దాకా రావడానికి టైం పడుతోంది, మా బండ్లు మీకు ఒకచోట కనబడతాయి, అసలు ఇంకోచోట ఉంటాయి. నాన్న "అలాగా" అన్నాడు. కంప్యూటర్ ఆపాడు. గుమ్మంలో నిలబడ్డ నన్ను చూడకుండా కుడి చెయ్యి వేళ్ళు ముడిచి, విప్పి, మళ్ళీ ముడిచాడు.

"రెండోది," అన్నాడు.

"నీ తప్పు కాదుగా నాన్నా. లాగ్ అన్నాడుగా."

"చదువుకున్నవాళ్ళు మర్యాదకి అలా అంటారులే తల్లీ. చెయ్యి ఆలస్యమైతే బండి ఆలస్యమవుతుంది. ఆటలోనే గుద్దేవాడు యార్డులో ఎవరికేం నేర్పుతాడు?"

ఆ సాయంత్రం అమ్మ నా ముందు టీ గ్లాసు పెట్టి, "డిగ్రీ చదివినదానివి, ఇంట్లో ఇంటర్నెట్ బాగుచెయ్యలేవటే?" అంది.

"నేను చదివింది మొక్కల గురించమ్మా."

"అవీ తీగలేగా."

"దీనికి తీగలు లేకపోవడమే కదా అసలు గోల."

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. బ్యాంకు కాగితం, మందుల చీటీ, మిక్సీ గ్యారంటీ కార్డు అన్నీ నా దగ్గరికే వచ్చేవి. తెలియదు అని చెప్పడం నాకు అలవాటు కాలేదు. నేర్చుకుని చెప్పడం అలవాటైంది.

ముందు రౌటర్ ఎక్కడుందో వెతికాను. ముందు గది అల్మారా మీద, బట్టల కట్టల వెనక కనబడింది. దానికి అమ్మ ఒక తొడుగు కుట్టింది. పైన నాన్న పాత లారీ టార్పాలిన్ ముక్క, లోపల వెండి రంగు అస్తరు, కింద జిప్పు.

"ఇదెందుకమ్మా?"

"బట్టల నూగు పడుతోందని. లోపల మెరుపు గుడ్డ వేడి తగలకుండా."

"సిగ్నల్ కూడా తగలకుండా చేస్తుందమ్మా అది."

"లైట్లు వెలుగుతూనే ఉన్నాయిగా," అంది అమ్మ చిన్నబుచ్చుకుని. తొడుగు మడతపెట్టి పెట్టెలో దాచింది.

తొడుగు తీశాక వేగం కొంచెం పెరిగింది. రౌటర్‌ని లోపలి గది గుమ్మం పక్కకి మార్చాను, ఇంకొంచెం పెరిగింది. పై వాటాలో ఉండే నర్సు మన ఇంటర్నెట్ వాడుకుంటోందేమోనని అమ్మకి అనుమానం. పాస్‌వర్డ్ మార్చాను. మర్నాడు మెట్ల మీద కనబడి నర్సు, "మా పాస్‌వర్డ్ కూడా నువ్వే పెట్టివ్వవా?" అని అడిగింది. ఆఖరికి వైఫై నమ్మకం లేక రౌటర్ నుంచి కంప్యూటర్‌కి కేబుల్ లాగించాను. గోడ వెంబడి నాన్నే దాన్ని బిగించాడు, లోడు కట్టే ముళ్ళతో. ఆ కేబుల్‌కి వేలాడి ఊయల ఊగొచ్చు.

అయినా లాగేది. రోజూ కాదు, రోజంతా కాదు. అదే చిక్కు. నాన్న లోపల్నుంచి "లాగింది తల్లీ" అని కేకేస్తాడు. నేను గుండీ, సూది వదిలేసి పరుగెత్తి, ఆ గది గోడ అలమరలో ఛార్జింగ్ పెట్టిన నా ల్యాప్‌టాప్ తీసి చూస్తాను. పింగ్ అని ఒకటుంటుంది. ఇక్కణ్ణుంచి చిన్న కబురు పంపితే అది అక్కడికి తగిలి వెనక్కి రావడానికి ఎంతసేపు పట్టిందో చెబుతుంది. నాన్నకి వెంటనే అర్థమైంది.

"ఘాట్ రోడ్డులో హారన్ కొడితే కొండకి తగిలి మళ్ళీ వినబడినట్టు."

"అదే. ఇప్పుడు చూడు, శుభ్రంగా ఉంది."

"ఇప్పుడుంది. ఇందాక లేదు."

డాక్టరు గదిలో అడుగుపెట్టగానే మాయమయ్యే పంటినొప్పిలాగుంది వ్యవహారం. వారం రోజులకి నా సహనం పోయింది. నాన్నది పోలేదు. స్టీరింగ్ తుడుస్తూ చెప్పాడు:

"బండికి రోగమొస్తే మేం ఏం చేస్తామో తెలుసా? రాసుకుంటాం. ఎప్పుడు లాగింది, లోడు మీదా ఖాళీగానా, ఎక్కుడులోనా దిగుడులోనా, పక్కన ఎవరున్నారు. ఏది పనికొస్తుందో ముందే తెలియదు. అన్నీ రాయాలి. పది ట్రిప్పులు రాసి మెకానిక్ చేతిలో పెడితే బండి మూత తెరవకుండా చెబుతాడు."

నేను గళ్ళు గీసిన పుస్తకం ఒకటి తెచ్చాను. తేదీ, గంట, ఎండ, మిషను నడుస్తోందా, నాన్న ఎక్కడ, అమ్మ ఎక్కడ, నేను ఎక్కడ. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం నాకు వచ్చిన విద్య.

ఆ రోజుల్లోనే నాకు ఉద్యోగం ఉత్తరం వచ్చింది. వేరే ఊళ్ళో, విత్తనాలు పరీక్షించే లాబ్‌లో. బడులు తెరిచే సోమవారమే చేరాలి. అమ్మ ఆ ఉత్తరాన్ని మిషను మీద పెట్టి, కుడుతున్నంతసేపూ దాన్ని చూస్తూ రెండు లాగులకి జేబులు తలకిందులుగా వేసింది.

నాన్న మాత్రం మంచి మాటలన్నీ చెప్పాక, నేను పక్కన కుర్చీ వేసుకుని పింగ్ చూస్తుండగా, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు:

"ఒక సంగతి గమనించావా? నువ్వు పక్కనుంటే చెయ్యి కుదురుగా ఉంటోంది."

"ఊరుకో నాన్నా."

"నిజమే. నువ్వు లేచి వెళ్ళిన పావుగంటకి మొదలెడుతుంది. మళ్ళీ నువ్వొచ్చి కూర్చుంటే సర్దుకుంటుంది. డాక్టరుకి చెబితే నవ్వుతాడు." నవ్వింది ఆయనే. "యార్డులో నువ్వుండవుగా. ఎల్లుండి ఫోన్ చేసి కాదని చెప్పేస్తాను వాళ్ళకి."

నా ల్యాప్‌టాప్‌లో అంకెలు ఒకదానికింద ఒకటి శుభ్రంగా పడుతున్నాయి. నాకు అవేవీ కనబడలేదు. నాన్న ఎవరిమీదా ఆనుకున్న మనిషి కాడు. నా మీద ఆనుకున్నానని ఆయన చెప్పడం అదే మొదటిసారి. ఆ మాట విన్నాక లేచి మంచినీళ్ళు తాగడానికి కూడా మనసొప్పలేదు. లాబ్ వాళ్ళకి, ఇంట్లో పరిస్థితి వల్ల మూడు నెలలు గడువు కావాలని ఉత్తరం రాశాను. పంపలేదు. పొద్దున్నే పంపుదామనుకున్నాను.

పొద్దున్న పుస్తకం తెరిచాను. అలవాటుగా, రోజూ ఒకసారి మొదట్నుంచీ చదివేదాన్ని. లాగినవి పధ్నాలుగు. ఎండ ఉన్నప్పుడూ ఉన్నాయి, మబ్బు పట్టినప్పుడూ ఉన్నాయి. మిషను నడిచినప్పుడూ, ఆగినప్పుడూ. అమ్మ సంతకి వెళ్ళినప్పుడూ, ఇంట్లో ఉన్నప్పుడూ. "నేను ఎక్కడ" అన్న గడిలో మాత్రం పధ్నాలుగుసార్లూ ఒకటే రాత, నా చేతిరాతే: ముందు గదిలో.

నాన్న చెప్పింది నిజమే. ఒక్కసారి కూడా తప్పలేదు.

అంత నిజం ఉండకూడదు. నాలుగేళ్ళు మొక్కలు చదివినదానికి ఆ మాత్రం తెలుసు. మనిషి చెయ్యి మనసుని బట్టి వణికితే పధ్నాలుగింట్లో ఒకటి రెండైనా తప్పుతుంది. ఒక్కటీ తప్పకుండా జరుగుతోందంటే అది మనసు పని కాదు. నాతోపాటు గదిలో ఇంకేదో కూడా మారుతోంది. నేను ఉన్నప్పుడు నా ఒళ్ళో ఉండి, లేనప్పుడు అలమరలో ఉండేది.

ల్యాప్‌టాప్ తెరిచి అలమరలో పెట్టి, నేను గుమ్మం బయట తలుపు చాటున నిలబడ్డాను, సొంత ఇంట్లో దొంగలాగా. అమ్మ చూసి, "ఏమైందే?" అంది. వేలు పెదాల మీద పెట్టాను. అమ్మ కూడా వచ్చి నా వెనకాల నిలబడింది, ఎందుకో తెలియకుండానే.

పది నిమిషాలు గడిచాయి. తెర మూల చిన్న మబ్బు బొమ్మ వెలిగింది. అందులో పైకి చూసే బాణం.

నాలుగేళ్ళూ నేను తీసిన ఆకుల ఫొటోలు, పూల ఫొటోలు, పాఠాల రికార్డింగులు. ఏ ఒక్కటీ పోకూడదని, కాలేజీ వదిలివచ్చిన రోజే అన్నీ ఆన్‌లైన్‌లో దాచమని పెట్టాను. ల్యాప్‌టాప్ ఎవరూ వాడనప్పుడు మాత్రమే పంపు, వాడుతుంటే ఆగు, అని కూడా నేనే పెట్టాను. ఎవరికీ ఇబ్బంది ఉండకూడదని. నేను ముట్టుకుంటే ఆగిపోయేది. నేను వెళ్ళిపోతే పది నిమిషాలు చూసి, ఇంటి ఇంటర్నెట్ మొత్తం ఆకులతో నింపేసేది. తొడుగు తీసి, పాస్‌వర్డ్ మార్చి, కేబుల్ వేసి, ఇల్లంతా వెతికాను. నా అలమర తప్ప.

నేను మబ్బు బొమ్మ నొక్కి ఆపేశాను. ఆపాక వెంటనే నాన్న దగ్గరికి వెళ్ళలేదు. గుండీలు కుడుతూ కూర్చున్నాను. చెప్పకపోతే ఏమవుతుంది? లాగడం ఎలాగూ ఆగుతుంది. నేను పక్కనున్నందుకే ఆగిందని ఆయన అనుకుంటాడు. ఆ మాట ఇంకా కొన్నాళ్ళు నాదిగా ఉంటుంది. ఒక గుండీ తిరగేసి కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టాను. తర్వాత పుస్తకం తీసుకుని లోపలికి వెళ్ళాను.

"నాన్నా, లాగింది నీ చెయ్యి కాదు. నా ల్యాప్‌టాప్."

గడి గడీ చూపించాను. మబ్బు బొమ్మ చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పధ్నాలుగు వరసలూ చదివాడు. మెకానిక్ ముందు కూర్చున్నట్టే కూర్చున్నాడు.

"ఏం పంపుతోంది అది?"

"ఆకులు."

"ఆకులా?"

"ఫొటోలు. పదకొండు వేలు."

"పదకొండు వేల ఆకుల లోడు," అన్నాడు నాన్న నెమ్మదిగా. "నీ పరీక్షలయ్యాకే మొదలైంది. ఎండకి చెయ్యి నొప్పి చేసిందనుకున్నాను." పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు. "అయితే లోడు మీదే లాగిందన్నమాట. ఎక్కించింది నువ్వు."

"నేనే."

"మరి పక్కన కూర్చుని ఇన్నాళ్ళూ నువ్వు చేసిందేంటి?"

"ఏం లేదు నాన్నా."

"ఉత్తినే కూర్చున్నావా?"

"ఉత్తినే."

ఆయన కుడి చెయ్యి తిప్పి చూసుకున్నాడు, అరచేతి వైపు ఒకసారి, వెనక వైపు ఒకసారి. అరువిచ్చిన వస్తువు ఎవరో తిరిగి తెచ్చి ఇస్తే చూసుకున్నట్టుగా. గుమ్మంలో నిలబడి అంతా విన్న అమ్మ, "నా తొడుగుని అనవసరంగా ఆడిపోసుకున్నారు," అంది.

లాబ్‌కి రాసిన ఉత్తరం ఆ రోజే చించేశాను.

బడులు తెరిచే ముందు ఆదివారం మాస్టారి వరసకి ఆఖరి ప్రయాణం. సోమవారం నుంచి ఆయనకి పాఠాలుంటాయి. నేను ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపేసి, సంచీలో పెట్టి జిప్పు వేశాను. నాన్న స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నేను కుర్చీ కోసం చూస్తే, "వద్దు తల్లీ, నువ్వు అమ్మ దగ్గర కూర్చో," అన్నాడు. నేను లేకుండా చూసుకోవాలని ఆయనకి ఉంది. నాకూ ఉంది, భయం కూడా ఉంది.

చివరి పాతిక లాగులు మిగిలాయి. అమ్మా నేనూ ఎదురెదురుగా కూర్చున్నాం. లోపల తలుపు దగ్గరగా వేసి ఉంది. స్పీకర్లోంచి మాస్టారి గొంతు.

"అదే వంతెన వస్తోందండోయ్. ఎనిమిదో బండీ, ఈత వచ్చా?"

"బాబాయ్ ఉన్నారుగా, నేర్పుతారు," అంది ఇంకో గొంతు. నవ్వులు.

నాన్న నవ్వలేదు. మొదటి బండి ఎక్కింది. రెండు. మూడు. అమ్మ మిషను పెడల్ మీద నుంచి కాలు తీసేసింది. నా చేతిలో సూది ఆగిన చోటే ఉంది. పావుగంట ఎప్పుడో దాటింది. ఏడు. ఎనిమిది. తర్వాత ఎవరి గొంతూ లేదు. మాస్టారు కూడా మాట్లాడటం లేదు, ఎదురుచూస్తున్నాడు.

"దాటింది," అన్నాడు నాన్న.

అమ్మ మిషను మళ్ళీ నడిచింది. చప్పుడు కొంచెం ఎక్కువగానే నడిచింది. కాసేపటికి నాన్న బయటికి వచ్చి, చెప్పులు వేసుకుంటూ, "యార్డు మేనేజరు ఇంటికి వెళ్ళొస్తాను. ఫోన్లో చెప్పేది కాదు," అన్నాడు.

నేను ఉద్యోగంలో చేరిన రెండో వారం ఫోన్ చేశాడు. రౌటర్‌కి అమ్మ మళ్ళీ తొడుగు కుట్టిందట, ఈసారి పల్చని యూనిఫాం గుడ్డతో, దానికి రెండు జేబులు కూడా పెట్టిందట. నా ఆకులు దాచుకోవడానికని అంటోందట. యార్డులో కొత్తగా చేరిన ఒకామె గేర్లు బాగా పట్టుకుందట, వెనక్కి తోలడమే రావడం లేదట.

"మరి నువ్వేం చేస్తున్నావు నాన్నా?"

"ఏముంది, పక్కన కూర్చుంటాను. నేను కూర్చుంటే ఆమె చెయ్యి కుదురుగా ఉంటోంది. నేను దిగానా, పోయి గోడకి ఆనిస్తుంది."

"అది నీవల్లే అంటావా?"

అటువైపు యార్డులో ఎవరో గేరు వెయ్యడం వినబడింది.

"ఏమో తల్లీ," అన్నాడు నాన్న. "పుస్తకం ఇచ్చి రాసుకోమన్నాను."